రద్దు అందింది, రద్దైంది: రెండూ ఒకటి కాదు

“స్వాగర్ ఫైలు ఉంది కదన్నా, ఇంకేం రాయాలి?”

మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు పోయిన నెల అడిగిన ప్రశ్న ఇది. స్వాగర్ ఫైలంటే ఒక ప్రోగ్రాముకు ఏ మెసేజి ఏ రూపంలో పంపాలో రాసిన పత్రం. సర్వీసులు, అంటే ఒక్కో పని చూసుకునే విడి ప్రోగ్రాములు, ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో ఫార్మల్‌గా రాసిపెడదాం, అది అయ్యాకే కోడ్ ముట్టుకుందాం అని నేనన్నందుకు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ పూట సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను. అల్లూరు దగ్గర ఒక రొయ్యల గుంట గట్టు మీద మొదలుపెట్టి, బిట్రగుంట స్టేషను మీదుగా తిరిగి రావాలి కాబట్టి కాస్త పొడుగవుతుంది.

మేం కావలిలో కూర్చుని చేసేది రొయ్యల కొనుగోలు సాఫ్ట్‌వేర్. రైతు పట్టుబడికి ఫోన్లో బుక్ చేసుకుంటాడు. ఐస్ బండి, పట్టే మనుషులు గుంట దగ్గరికి పోతారు. కాటా వేస్తారు, కౌంటును బట్టి, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి, డబ్బు పడుతుంది. వెనకాల నాలుగు సర్వీసులు: బుకింగ్, బండ్లు, కాటా, చెల్లింపు. నాలుగూ వేరువేరుగా నడుస్తాయి, మెసేజీలతో మాట్లాడుకుంటాయి.

అమావాస్య ముందు రోజు. ఒక రైతు సాయంత్రం ఆరున్నరకు బుక్ చేశాడు. ఆ తర్వాత అనుమానమొచ్చి వల వేయించి చూస్తే రొయ్య మోల్టింగ్‌లో ఉంది, పాత పెంకు వదిలి కొత్త పెంకు మెత్తగా ఉంది. ఆ స్థితిలో పడితే రేటు పోతుందని గుంట గురించి తెలిసిన వాళ్ళందరికీ తెలుసు. ఏడు నిమిషాల్లోపే రద్దు నొక్కాడు. ఫోన్లో ‘మీ బుకింగ్ రద్దైంది’ అని పచ్చ టిక్కు పడింది. అన్నం తిని పడుకున్నాడు.

తెల్లవారుజామున మూడింటికి గట్టు మీద బండి హారన్ కొట్టింది. బండి నిండా ఐస్, వెనక పద్నాలుగు మంది మనుషులు.

నేను పొద్దున పోయేసరికి ఐస్ నీళ్ళు బండి కింద కాలవ కట్టి ఉన్నాయి. ఆ రైతు మనుషులందరికీ టీ పెట్టించి పంపాడట. నా మీద అరవలేదు. ఫోను తీసి ఆ టిక్కు చూపించి, “మీ దాంట్లోనే రద్దైందని రాసుండాది గదబ్బయ్యా. నేను చూసుకోనే పడుకున్నా. మరి బండెట్టొచ్చింది?” అని అడిగాడు. నా దగ్గర మాట లేదు.

ఆఫీసుకొచ్చి సర్వీసులు రాసుకున్న చిట్టాలన్నీ తీశాను. నాలుగు సర్వీసుల్లో ఎక్కడా తప్పు జరిగిందనే ఒక్క ఎర్ర గీత లేదు. జరిగింది ఇది. ఆరున్నరకు బండ్ల సర్వీసును కొత్త వెర్షన్‌తో రీస్టార్ట్ చేస్తున్నాం. బుకింగ్ మెసేజి దానికి అందలేదు, పది నిమిషాల తర్వాత మళ్ళీ పంపుదామని వరుసలో ఆగింది. ఈలోపు సర్వీసు లేచింది. రద్దు మెసేజి నేరుగా పోయి చేరింది. బండ్ల సర్వీసు చూసుకుంది: ఈ నంబరుతో తన దగ్గర బుకింగే లేదు, లేనిదాన్ని రద్దు చేయడానికేముంది, ‘సరే’ అంది. బుకింగ్ సర్వీసు ఆ ‘సరే’ చూసి రైతుకు టిక్కు పెట్టింది. మూడు నిమిషాల తర్వాత ఆగిపోయిన బుకింగ్ మెసేజి తాపీగా వచ్చింది. బండ్ల సర్వీసు దానికి బండి కేటాయించింది.

ఎవరికి వాళ్ళు తమ పని తాము సరిగ్గా చేశారు. ఒక్కో సర్వీసుకు రాసిన టెస్టులన్నీ ఈరోజుకీ పాసవుతాయి.

స్వాగర్ చెప్పనిది

కుర్రాడి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. ఓపెన్‌ఏపీఐ పత్రం (స్వాగర్‌కే కొత్త పేరు), జీఆర్‌పీసీ అనే ఇంకో పద్ధతిలో వాడే ప్రోటో ఫైలు, ఇవన్నీ ఒక మెసేజిలో ఏ గడులుండాలో, ఏ గడిలో అంకె, ఏ గడిలో తేదీ ఉండాలో చెప్తాయి. అవి కావాల్సిందే, వాటిని తక్కువ చేయను. కానీ రద్దు ముందొచ్చి బుకింగ్ వెనకొస్తే ఏం చేయాలో ఆ ఫైల్లో ఏ గడిలో రాస్తాం? జవాబు రాకపోతే ఎంతసేపు ఆగాలి, మళ్ళీ పంపొచ్చా, పంపితే అవతల రెండు లెక్కలు పడతాయా? మెసేజి ఆకారం మొత్తం రాసుకున్నాం, సంభాషణ మాత్రం తలా ఒక తలకాయలో తలా ఒక రకంగా ఉండిపోయింది.

యూపీఐ వాడే ప్రతివాళ్ళకూ ఇది అనుభవమే. మన ఖాతాలో కట్టయింది, అవతల పడలేదు, స్క్రీన్ మీద పెండింగ్ అని ఉంది. ఆ సమయంలో అసలు నిజం ఏమిటో రెండు బ్యాంకుల్లో దేనికీ తెలియకపోవచ్చు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఒక సర్క్యులర్ ఇచ్చింది. మనిషికి పంపిన డబ్బు కట్టయి అవతల జమ కాకపోతే మరుసటి రోజుకల్లా వెనక్కి రావాలి, ఆపైన ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు ఖాతాదారుకు కట్టాలి. దుకాణానికి కట్టిన డబ్బైతే అయిదు రోజులు. నా దృష్టిలో అది సంభాషణ వర్ణనే. అవతలి నుంచి మాట రాకపోతే ఎవరు, ఎప్పటిలోగా, ఏం చేయాలో రాశారు. మా నాలుగు సర్వీసుల మధ్య అటువంటి వాక్యం ఒక్కటి కూడా లేదు.

“దేనికి సరే?”

మా పెదనాయన రైల్వేలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఎక్కువ కాలం బిట్రగుంటలోనే. ఆవిరింజన్ల రోజుల్లో పెద్ద లోకో షెడ్డు ఉండిన ఊరు అది. ఆ ఆదివారం ఆయన దగ్గర ఈ బండి గోల చెప్పుకున్నాను.

“అవతలోడు ఒప్పుకున్నాడని మీకెట్ట తెలిసింది?” అన్నారు.

“సరే అని జవాబొచ్చింది పెదనాయనా.”

“దేనికి సరే?”

అక్కడ ఆగిపోయాను. బండ్ల సర్వీసు అన్న ‘సరే’కు అర్థం ‘నా దగ్గర రద్దు చేయడానికేమీ లేదు’ అని. బుకింగ్ సర్వీసు దాన్ని ‘రద్దు చేశాను, ఇక బండి రాదు’ అని చదువుకుంది. ఒకే రెండక్షరాలు, రెండు చోట్ల రెండు అర్థాలు.

పెదనాయన తన పద్ధతి చెప్పారు. ముందు స్టేషనుకు రైలు బండిని పంపాలంటే బ్లాకు గంటతో అడగాలి. ఒక దెబ్బ కొడితే ‘ఇటు చూడు’. రెండు కొడితే ‘లైన్ క్లియరా?’, అంటే లైను ఖాళీనా, బండి పంపొచ్చా అని. బండి సెక్షన్లోకి, అంటే రెండు స్టేషన్ల మధ్య లైనులోకి, పోతే మూడు, బయటపడితే నాలుగు, ప్రమాదమైతే ఆరు. అవతలి మాస్టరు అదే లెక్క తిరిగి కొడితేనే విన్నట్టు. ముఖ్యమైన మాటలకు ఇంకో కట్టు ఉంది. ప్రైవేట్ నంబరు. ప్రతి స్టేషనులోనూ వరస లేకుండా కలగాపులగంగా అంకెలు అచ్చేసిన కాగితం ఉంటుంది. అవతలాయన తన కాగితంలో తర్వాతి అంకె చదివి చెప్పాలి, కొట్టేసుకోవాలి. ఇవతలాయన ఆ అంకెను టైముతో సహా ట్రైన్ రిజిస్టర్లో ఎక్కించాలి. ఊరికే ‘ఆఁ ఆఁ సరే’ అంటే చెల్లదు.

“మరి ఇచ్చిన లైన్ క్లియర్ రద్దు చేసుకోవాలంటే?”

“దానికి వేరే గంట, వేరే నంబరు, వేరే ఎంట్రీ. రద్దు మాత్రం తక్కువదేంది? అదీ అంత పనే.”

మేం రద్దును బుకింగ్‌కు తోకలాగా చూశాం. ఒక చిన్న మెసేజి, ఒక ‘సరే’, అంతే. రైల్వే వాళ్ళు దాన్ని మొదలూ చివరా ఉన్న ఒక పూర్తి సంభాషణగా చూశారు. కంప్యూటర్లు లేని రోజుల నుంచీ, ప్రాణాలు పోయే చోట, తీగకు అటొకరు ఇటొకరు కూర్చుని పాటించిన పద్ధతి అది.

ఒకటిన్నర పేజీ

ఆ తర్వాత రెండు వారాంతాలు పెట్టి ఈ రద్దు సంభాషణను ఒకటిన్నర పేజీలో టీఎల్‌ఏ ప్లస్‌లో రాశాను. లెస్లీ లాంపోర్ట్ తయారుచేసిన భాష ఇది. వేరువేరు కంప్యూటర్లు కలిసి నడిపే డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ మీద చేసిన పనికి ఆయనకు 2013 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఇందులో ప్రోగ్రాం రాయం. సిస్టం ఏయే స్థితుల్లో ఉండొచ్చు, ఒక స్థితి నుంచి ఏ అడుగు వేయొచ్చు, ఎప్పటికీ జరగకూడనిది ఏది, ఎప్పటికైనా జరిగి తీరాల్సింది ఏది అని రాస్తాం. దాన్నే మోడల్ అంటారు. టీఎల్‌సీ అనే చెకర్ ఆ అడుగుల్ని అన్ని రకాల వరసల్లోనూ వేసి చూస్తుంది. మెసేజి ఆలస్యమవడం, రెండుసార్లు రావడం, అసలు రాకపోవడం, సర్వీసు మధ్యలో పడిపోయి లేవడం, ఇవి కూడా అడుగులే అని మనం ముందే చెప్పాలి. చెప్పకపోతే దానికి తెలియదు.

జరగకూడనిదిగా ఒకే వాక్యం రాశాను: ఫోన్లో ‘రద్దైంది’ అని ఉన్నప్పుడు ఆ బుకింగ్‌కు బండి దారిలో ఉండకూడదు. రన్ చేశాను. కాఫీ కలుపుకోవడానికి లేచే లోపే ఆరు అడుగుల జాబితా పడేసింది. అమావాస్య ముందు రాత్రి జరిగిందే, వరస తప్పకుండా.

దానికి మందు వేశాను. తనకు తెలియని బుకింగ్‌కు రద్దొస్తే బండ్ల సర్వీసు ఆ నంబరును గుర్తుపెట్టుకోవాలి, తర్వాత ఆ బుకింగ్ వస్తే తిప్పి పంపాలి. చాలామంది ఇంజనీర్లు ఇక్కడితో ఆగుతారు, నేనూ ఆగేవాణ్ణి. మళ్ళీ రన్ చేస్తే ఇంకో దారి చూపించింది. ఈసారి మోడల్లో, ‘సరే’ కోసం ఆగకుండా, రైతు నొక్కగానే ఫోన్లో టిక్కు పడేలా రాసేశాను. రద్దు మెసేజి ఇంకా దారిలో ఉంది. అదే క్షణంలో డ్రైవరు బయల్దేరాడు. టిక్కూ నిజం, బండీ నిజం. అప్పుడు అవతలి ఒప్పుకోలు వచ్చాకే టిక్కు పెట్టేలా మార్చాను. ఈసారి బండ్ల సర్వీసు ఒప్పుకుంది గానీ ఆ ఒప్పుకోలు దారిలో పోయింది. రైతు స్క్రీన్ అలాగే తిరుగుతూ ఉండిపోయింది, ఎప్పటికీ.

ఇది కోడ్‌తో తీరే చిక్కు కాదని ఆ రాత్రి అర్థమైంది. మెసేజీలు పోయే అవకాశం ఉన్న తీగ మీద, ఎన్నిసార్లు అటూ ఇటూ ఒప్పుకోళ్ళు పంపుకున్నా, ఇద్దరికీ ఒకేలా నిశ్చయం కలగదు. 1975లోనే దీన్ని పరిశోధన పత్రంలో పెట్టారు. 1978లో జిమ్ గ్రే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దానికి ఇద్దరు సేనాపతుల కథ రూపం ఇచ్చాడు. క్లాసులో చదువుకుని, పరీక్ష రాసి మరిచిపోయిన కథ. అల్లూరు గుంట దగ్గర అది నిజంగానే ఎదురైంది.

ఇద్దరికీ నిశ్చయం కలగదన్నప్పుడు, పొరపాటు ఎటు పడాలో మనమే తేల్చుకోవాలి. సిగ్నల్ తీగ తెగితే ఎర్ర వైపే పడేట్టు రైల్వే వాళ్ళు తేల్చుకున్నారు. మేం ఇలా తేల్చుకున్నాం: అనుమానం ఉన్నంతసేపూ రైతుకు ‘ఇంకా రద్దు కాలేదు’ అనే చెప్పాలి. నాలుగు నిమిషాల్లో బండ్ల వైపు నుంచి మాట రాకపోతే మా మనిషి ఫోను చేయాలి.

అందుకే ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువగా తోచిన మార్పు కోడ్‌లో లేదు. రైతు స్క్రీన్ మీది తెలుగు వాక్యంలో ఉంది. ఇదివరకు ఒక్కటే: ‘మీ బుకింగ్ రద్దైంది.’ ఇప్పుడు మూడు. ‘మీ రద్దు అందింది, బండి వాళ్ళను అడుగుతున్నాం.’ ‘రద్దైంది, బండి రాదు.’ ‘బండి బయల్దేరింది, రద్దు కుదరదు, మాట్లాడండి.’ మొదటి దానికీ రెండోదానికీ తేడా మన భాషలో ఎంత స్పష్టంగా ఉందో చూడండి. అందడం వేరు, అవడం వేరు. ఆ తేడా మా డేటాబేసులో లేదు, ఎందుకంటే స్థితి అనే గడిలో ‘క్యాన్సిల్డ్’ అని ఒక్కటే మాట పెట్టుకున్నాం.

ఒప్పుకోవాల్సిన అభ్యంతరాలు

ఇది చదివే ఇంజనీర్లకు వచ్చే అనుమానాలు నాకూ వచ్చాయి. కొన్ని ఇంకా పోలేదు.

మోడల్ వేరు, కోడ్ వేరు. మోడల్ సరైనదని తేలినా కోడ్ తప్పుగా రాయొచ్చు. ఒప్పుకుంటాను. చెకర్ ఇచ్చిన ప్రతి తప్పు దారినీ మేం ఒక టెస్టుగా రాసుకున్నాం. అది పూర్తి మందు కాదు.

రెండోది ఇంకా లోతైనది: మోడల్లో ప్రపంచాన్నే తప్పుగా రాస్తే? ఇది మాకు అక్షరాలా జరిగింది. ఆ ఒకటిన్నర పేజీని మామూలు తెలుగు వాక్యాల్లోకి మార్చి, బండ్లు చూసుకునే అమ్మాయితో కూర్చుని చదివాను. ఆమె ప్రోగ్రామర్ కాదు. ‘డ్రైవరు బయల్దేరాను అని నొక్కే వరకూ రద్దు చెల్లుతుంది’ అనే వాక్యం దగ్గర ఆపింది. “అన్నా, వాళ్ళు నొక్కేది ఎప్పుడు? ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మెలు పగలగొట్టించి బండికెత్తించుకున్నాక. అది అయ్యేసరికే రెండు గంటలు. అప్పుడు రద్దంటే ఐస్ డబ్బులెవరివి?” అంది. వెనక్కి రాలేని చోటు బండి కదలడం దగ్గర లేదు, ఐస్ ఎక్కడం దగ్గర ఉంది. చెకర్ ఎన్ని లక్షల స్థితులు చూసినా అది చెప్పలేదు.

పెద్దవాళ్ళకూ ఇదే జరిగింది. 1978లో నీడమ్, ష్రోడర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఒక ప్రోటోకాల్, అంటే కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి, ప్రకటించారు. ఇద్దరు ఒకరినొకరు గుర్తుపట్టడానికి, ప్రతిసారీ ఒక కొత్త అంకె పంపుకుని, దాన్ని తిరిగి చూపించుకోవాలి. మా పెదనాయన ప్రైవేట్ నంబరుకు దగ్గరి చుట్టం. దాన్ని తర్కంతో పరీక్షించిన వాళ్ళు కూడా బాగుందనే అన్నారు. 17 ఏళ్ళ తర్వాత, 1995లో గేవిన్ లోవ్ అనే పరిశోధకుడు అందులో దొంగ దూరే సందు చూపించాడు. మరుసటి ఏడాది ఎఫ్‌డీఆర్ అనే చెకర్‌తో ఆ సందు దానంతట అదే బయటపడేలా చేశాడు. అంతకు ముందు పరీక్షించిన వాళ్ళు, సంభాషణలో పాల్గొనేవాడే మోసగాడు కావొచ్చని అనుకోలేదు. లోవ్ చెప్పిన దిద్దుబాటు చాలా చిన్నది: అంకెతో పాటు చెప్పేవాడి పేరు కూడా జవాబులో పెట్టాలి. ఇది పెదనాయనకు చెప్తే, “అందుకే గదా ముందు స్టేషన్ పేరు చెప్పేది” అన్నారు.

మూడోది చరిత్ర. సర్వీసుల మధ్య సంభాషణను ఒకే పత్రంలో రాయాలనే ప్రయత్నం కొత్తది కాదు. డబ్ల్యూఎస్ సీడీఎల్ అని ఒక భాష వచ్చింది. 2005లో, వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ దగ్గర క్యాండిడేట్ రికమండేషన్ వరకూ, అంటే తుది ప్రమాణానికి ముందుండే ఒక మెట్టు వరకూ, నడిచి, అక్కడే ఆగిపోయింది. ఇంత మంచి ఆలోచన ఎందుకు నిలబడలేదు? ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే రాత పద్ధతి బరువు ఒక కారణం అంటారు. నా ఉద్దేశంలో అంతకంటే పెద్ద కారణం, రాసిన వెంటనే రాసినవాడికి ఏమీ దక్కకపోవడం. మా ఒకటిన్నర పేజీ నిమిషంలో నన్ను తప్పు పట్టింది, అందుకే రెండో రోజు కూడా దాని ముందు కూర్చున్నాను. ఎవరికో చూపించడానికి రాసే పత్రమైతే మూడో వారానికే పాతబడుతుంది.

ఆ ప్రయత్నం ఆగినా ఆలోచన బతికే ఉంది. 2008లో హోండా, యోషిదా, కార్బోనే బహుళపక్ష సెషన్ టైపుల మీద పరిశోధన పత్రం రాశారు. అందరి మాటలూ కలిపి ఒకే వర్ణన రాస్తే, దాన్నుంచి ఒక్కొక్కరి వంతు విడదీయొచ్చు. మన పద్య నాటకాల వాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. పుస్తకం మొత్తం హార్మోనియం మాస్టారు దగ్గర ఉంటుంది, వేషగాడికి తన పోర్షను, తనకు అందించే మాట ఇస్తే చాలు. మా ఊళ్ళో కురుక్షేత్రం ఆడినప్పుడు మా బాబాయి తన పోర్షను కాగితాలతోనే నెలంతా తిరిగాడు. మేం సర్వీసులకు పోర్షన్లు రాసిచ్చాం గానీ, పుస్తకం ఎవరి దగ్గరా లేదు.

‘అమెజాన్ లాంటి వాళ్ళకైతే సరే, మనకెందుకు’ అనే మాట కూడా విన్నాను. అమెజాన్ వెబ్ సర్వీసెస్ ఇంజనీర్లు 2011 నుంచి టీఎల్‌ఏ ప్లస్ వాడుతున్నామని 2015లో రాశారు. డైనమోడీబీ అనే తమ డేటాబేసులో వాళ్ళకు దొరికిన ఒక తప్పుకు అతి చిన్న దారే 35 అడుగులట. 35 అడుగుల తప్పును ఏ మనిషీ బోర్డు మీద గీసి పట్టుకోలేడు, నిజమే. మాది ఆరు అడుగులు. కానీ ఆ ఆరు కూడా మాలో ఎవరికీ తట్టలేదు కదా. పైగా పెద్ద కంపెనీకి రాత్రంతా మేలుకునే టీములుంటాయి. మాలాంటి వాళ్ళకు తెల్లవారుజామున ఆ మూడింటి హారన్ వినేది రైతే.

అన్నిటికీ రాయమని అనను. కాటా అంకెను తెర మీద చూపించే చోట ఇది దండగ. ఇద్దరి కంటే ఎక్కువ మంది మాట్లాడుకునే చోట, వెనక్కి తీసుకోలేని పని ఉన్న చోట, డబ్బో ఐసో మనుషుల నిద్రో ఖర్చయ్యే చోట రాయాలంటాను. మాకైతే అది మూడు సంభాషణలకు తేలింది. రెండు అయ్యాయి. చెల్లింపు మిగిలింది. దాన్ని ఆ కుర్రాడే రాస్తానన్నాడు. మొదటి వాక్యంగా ఏం రాశావని నిన్న అడిగితే చూపించాడు: ‘ఒక కాటా చీటీకి డబ్బు రెండుసార్లు పడకూడదు.’ దాని కింద ఇంకో గీత గీసి, ‘అసలు పడకుండా కూడా ఉండకూడదు’ అని రాసుకున్నాడు.

పౌర్ణమి ముందు అల్లూరు రైతు మళ్ళీ బుక్ చేసి, మళ్ళీ రద్దు నొక్కాడు. ‘అందింది, అడుగుతున్నాం’ దగ్గరే స్క్రీన్ ఆగింది. మా వాళ్ళు ఫోను చేసే లోపే ఆయనే చేశాడు.

“ఇంకా కాలేదని రాసుండాది. నేను మేలుకోనుండాల్నా?”

“ఒక్క నిమిషం లైన్లో ఉండండి,” అంది బండ్ల అమ్మాయి. డ్రైవరుకు రెండో ఫోన్లో చేసింది. బండి ఇంకా ఐస్ ఫ్యాక్టరీ గేటు బయటే ఉంది.